శిరస్తాదారమ్మ అభ్యంతరాలు

పోయిన మంగళవారం పొద్దున నాయుడుపేటలో ఒక ఇంటి గోడకు సైరన్ బిగిస్తూ నిచ్చెన మీద ఉండగా ఫోన్ వచ్చింది. "అన్నా, మా పెద్దమ్మ పోయింది" అంది అవతలి గొంతు. ఏర్పేడులో ఉద్యోగం చేసే అమ్మాయి, శిరస్తాదారమ్మకు చెల్లెలి కూతురు. నిచ్చెన దిగి ఆ ఇంటాయనకు సంగతి చెప్పాను. "పని సగంలో ఉంది, రేపు నేను వచ్చేదాకా ఈ అలారం మోగదు" అని ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి ఆయన చేతికిచ్చాను. ఆయన వింతగా చూశాడు. ఆ అలవాటు నాకు శిరస్తాదారమ్మ వల్ల వచ్చిందే. తర్వాత తిరుపతి మీదుగా చిత్తూరు బస్సెక్కాను.

ఇళ్ళకు దొంగల అలారాలు బిగించడం నా వృత్తి. ఆమె నాకు చుట్టం కాదు, బడిలో చదువు చెప్పిన టీచరూ కాదు. ఒక కస్టమర్, అంతే. కోర్టులో శిరస్తాదారుగా పనిచేసి రిటైరైంది. జడ్జి ముందుకు వెళ్ళే కాగితాలను ముందుగా చూసి, లోపం ఉంటే అభ్యంతరం రాసి వాపసు పంపే ఉద్యోగమది. పెళ్ళి చేసుకోలేదు. చిత్తూరులో ఒంటరిగా ఉండేది. వీధిలో అందరూ శిరస్తాదారమ్మ అనే పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను.

ఏడేళ్ళ కిందట ఆమె రెండు రోజులు తిరుపతికి వెళ్ళి వచ్చేసరికి ఇంటి వెనక తలుపు గడియ ఊడదీసి ఉంది. పెద్దగా పోయిందేమీ లేదు. బీరువాలోని చీరలన్నీ తీసి మంచం మీద పోసి, రెండు వెండి గిన్నెలు పట్టుకుపోయారు. ఎవరో నా పేరు చెబితే పిలిపించింది. గంటన్నరలో పని ముగించాను. రెండు తలుపులకు సెన్సర్లు, హాల్లో మనిషి కదిలితే పసిగట్టే పరికరం, బయట సైరన్, వెనక గదిలో వీటన్నిటినీ నడిపే ప్యానెల్. వాడుకోవడానికి ఒక కోడ్ పెట్టి, ఎలా నొక్కాలో చూపించి బయల్దేరాను.

"దీంతో పాటు పుస్తకం ఏమన్నా ఇస్తారా నాయనా?" అని అడిగింది.

"ఇస్తారమ్మా. దాన్నెవరూ చదవరు" అని నవ్వి, సంచి అడుగు నుంచి తీసి ఇచ్చాను.

మూడో రోజు రమ్మని కబురు. వెళ్ళేసరికి టేబుల్ మీద ఆ పుస్తకం, పక్కన స్కేలు, పెన్సిలు, రెండు ఠావుల నిండా వరుస నంబర్లతో ఆమె రాత. పుస్తకం చివర ఒక పట్టిక ఉంది. భద్రతా ప్రమాణాలకు సరిపోవాలంటే ప్యానెల్‌లో ఏ అమరిక ఎలా ఉండాలో చెప్పే పట్టిక. అప్పటికి నాలుగేళ్ళుగా ఆ ప్యానెళ్ళే బిగిస్తున్నాను గానీ ఆ పేజీ దాకా ఏనాడూ వెళ్ళలేదు.

"మొదటిది. నేను వాడే కోడ్ ఒకటి, నువ్వు వాడే కోడ్ ఇంకొకటి ఉండాది. నీది మార్చినావా?"

బిగించేవాడికి వేరే కోడ్ ఉంటుంది. దాంతో ప్యానెల్ లోపలి అమరికలు మార్చవచ్చు, మోగుతున్న సైరన్‌నూ ఆపవచ్చు. ఫ్యాక్టరీ నుంచి అన్ని ప్యానెళ్ళూ ఒకే నంబరుతో వస్తాయి. బిగించిన రోజే మార్చాలి. నేను మార్చలేదు.

"ఆ నంబరు ఈ పుస్తకంలోనే అచ్చేసినారు. ఈ పుస్తకం ఇంకెవరికన్నా దొరుకుతుందా?"

"నెట్‌లో ఉంటుందమ్మా."

"అంటే నా ఇంటి బీగం చెవి అచ్చేసి ఊరంతా పంచినట్టే కదప్పా."

రెండోది, ప్యానెల్ పెట్టిన చోటు. తలుపు తెరిచాక కోడ్ నొక్కడానికి నేను ముప్పై సెకన్లు పెట్టాను. ఆమెకు మోకాళ్ళ నొప్పి. నా చేతికి గడియారం ఇచ్చి, వీధి తలుపు నుంచి వెనక గది దాకా నడిచి చూపించింది. యాభై రెండు సెకన్లు. "దానికేముందమ్మా, రెండు నిమిషాలు పెట్టేస్తా" అన్నాను. "రెండు నిమిషాల్లో దొంగ పని చేసుకోని పోతాడు. పుస్తకంలో నలభై ఐదుకు మించొద్దని ఉండాది. కాలం పెంచొద్దు, ఆ పెట్టెను నాకు దగ్గరకు తీసుకురా. వైరు లాగేదానికి నీకు సులువని దాన్ని ఆడ పెట్టినావు" అంది. నిజమే. గోడ మళ్ళీ కొట్టి, ప్యానెల్‌ను వీధి తలుపు పక్కకు మార్చాను.

ప్యానెల్ మూత ఎవరైనా విప్పితే మోగాల్సిన తీగను నేను కలపలేదు. "అందరూ అట్లనే వదిలేస్తారమ్మా" అన్నాను. ఆమె పెన్సిలు కింద పెట్టింది. "ముప్పై ఏండ్లు కాగితాలు చూసినా. ఒక్క కాగితం మీద కూడా 'అందరూ' అని సంతకం చూడలేదు."

చివరిది బ్యాటరీ. కరెంటు పోయినా పన్నెండు గంటలు నిలవాలని పట్టికలో ఉంది. ముందురోజు పొద్దున తొమ్మిదికి మెయిన్ ఆపేసి, ఫ్యాన్ లేకుండా విసనకర్రతో కూర్చుని గంట గంటకూ రాసుకుందట. మధ్యాహ్నం మూడుకల్లా ప్యానెల్ ఆరిపోయింది. నేను వేసింది చిన్న బ్యాటరీ. అదీ మార్చాను.

అన్నీ అయ్యాక అడిగింది. "ఇట్లా ఎన్ని ఇండ్లల్లో బిగించినావు?"

"నలభై పైనే ఉంటాయి."

"అన్నిట్లోనూ ఇంతేనా?"

నేను తలూపాను. "పో నాయనా. ఒక్కొక్క ఇంటికీ పోయి సరిచెయ్. ఊరికే చెయ్యడం కాదు, ఏం తప్పు చేసినావో వాళ్ళకు చెప్పి చెయ్" అంది.

కోపం వచ్చింది. ఇన్నేళ్ళ పేరు నా చేత్తో నేనే చెడగొట్టుకోవాలా? ఈమెకేం, పింఛను వస్తుంది అనుకుంటూ ఇంటికి వచ్చాను. పది పన్నెండు రోజులు ఆ వీధి వైపు కూడా వెళ్ళలేదు.

అప్పుడొక మామిడికాయల వ్యాపారి ఇంటి నుంచి పిలుపొచ్చింది. సైరన్ ఊరికే మోగుతోందని. నేను వెళ్ళేసరికి ఇంట్లోవాళ్ళు లేరు, కారు డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. ఇద్దరం తలుపు తెరవగానే సైరన్ మొదలైంది. నేను సంచి దించేలోపు ఆ డ్రైవరే వెళ్ళి నాలుగు అంకెలు నొక్కి ఆపేశాడు. నొక్కింది నా కోడ్.

"నీకెట్లా తెలుసప్పా?"

"యాడైనా ఇదే కదన్నా! ముందు పన్జేసిన ఇంట్లో మీరు నొక్కతా ఉంటే సూసినా. మా బామ్మర్ది ఇంకో ఇంట్లో డ్రైవరు, ఆడ కూడా ఇదే" అన్నాడు, నాకు సాయం చేశానన్న సంతోషంతో.

అతను మంచివాడు కాబట్టి సరిపోయింది. అక్కడి నుంచి నేరుగా శిరస్తాదారమ్మ ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. నేను అప్పుడే చెప్పినా కదా అని ఆమె అనలేదు. అల్లం దంచి వేసిన మజ్జిగ ఇచ్చి, నేను తాగేలోగా ఒక పొడుగు నోటుబుక్కులో గీతలు గీసింది. ఇల్లు, తేదీ, లోపం, సరిచేసింది, ఇంటివారి సంతకం.

"మొదటి ఇంటికి మీరు కూడా రాండమ్మా" అన్నాను. ఆటోలో వచ్చింది. ఆ వ్యాపారి మొత్తం విన్నాడు. ముఖం ఎర్రబడింది. "అంటే ఇన్నాళ్ళు నా ఇంటి తలుపు తెరిచిపెట్టి, బీగం వేసినానని చెప్పినావా? ఇంట్లో ఆడపిల్లలు ఉండారు. నీకు బుద్ధుండాదా?" అని అరిచాడు. ఆమె నా తరఫున ఒక్క మాటన్నా అంటుందని చూశాను. గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చుంది. అరవడం అయ్యాక నేను కోడ్ మార్చి, మూత తీగ కలిపి, నోటుబుక్కు ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చదివి సంతకం చేశాడు.

ఆటోలో అడిగాను, ఎందుకు మాట్లాడలేదని. "నేను మాట్లాడింటే ఆయన నన్ను చూసి ఊరుకునేవాడు. నిన్ను చూసి సంతకం పెట్టల్ల" అంది.

మిగతా ఇళ్ళకు ఒక్కణ్ణే వెళ్ళాను. రెండు నెలలు పట్టింది. మూడిళ్ళవాళ్ళు ప్యానెల్ పీకేసుకుపొమ్మన్నారు. ఒకాయన గేటు దాకా తరిమాడు. ఎక్కువమంది కాసేపు చూసి, సరే కానీ అన్నారు. ఇళ్ళన్నీ అయ్యాక నోటుబుక్కు తీసుకెళ్ళి చూపిస్తే, ప్రతి పేజీ తిప్పి, ఒకచోట తేదీ లేదని వెనక్కిచ్చింది. ఆ తేదీ కోసం పలమనేరు దాకా వెళ్ళొచ్చాను.

ఆమెను అందరూ గట్టిమనిషి అనుకుంటారు. నాతో ఒక్కసారి మాత్రం అంది. "దొంగతనం అయినప్పటి నుంచి వెనక తలుపుకు వీపు పెట్టి కూర్చోలేకపోయినా నాయనా. అన్నం తింటా మూడుసార్లు తిరిగి చూసేదాన్ని. నువ్వు అన్నీ సరిచేసి పోయిన దినం తిరిగి చూడకుండా తిన్నా." ఆ వెంటనే సైరన్ మీద దుమ్ము ఉందని కసిరింది.

ఆరు నెలలకోసారి వెళ్ళి పరీక్ష చేసేవాణ్ణి. పుస్తకం పట్టుకుని పక్కనే నిలబడేది. పోయిన నెల వెళ్ళినప్పుడు నిలబడలేకపోయింది. మంచం మీద నుంచే, చెల్లెలి కూతురికి కొత్త కోడ్ పెట్టమంది. పెట్టాను. "ఇంక నాది తీసెయ్" అంది.

"ఎందుకమ్మా, ఉండనీండి."

"వాడని కోడ్ ప్యానెల్‌లో ఉండకూడదు. పుస్తకంలో ఉండాది చూడు."

ఆ పేజీ నాకూ తెలుసు. తీసేశాను. తీసేసినట్టు నోటుబుక్కులో రాసి, సంతకం కోసం మంచం దగ్గరకు తీసుకెళ్ళాను. తలగడకు ఆనుకుని పూర్తి పేరు రాసింది.

మంగళవారం నేను చేరేసరికి మూడయింది. వీధి తలుపు, వెనక తలుపు, కిటికీలు అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. దండలు తెచ్చేవాళ్ళు, చెంబుతో నీళ్ళు తెచ్చేవాళ్ళు, కోర్టు నుంచి వచ్చిన గుమాస్తాలు లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. ప్యానెల్ మీద తలుపు తెరిచి ఉందని చెప్పే చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. ఆమెను తీసుకెళ్ళేదాకా నేను దాని పక్కనే నిలబడ్డాను. తీసుకెళ్ళాక కూడా ఎవరూ తలుపులు వేయలేదు. ఖాళీ హాల్లో ఆ దీపం అలాగే వెలుగుతూ ఉంది.