మేస్త్రమ్మ చూపించిన మూడో కుప్ప

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా అబ్బా నవ్వుతాడు. "నిండా నాలుగేళ్ళు కాలా, అప్పుడే ఆ రోజులేందే?" అంటాడు. కానీ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉన్న నన్ను తలుచుకుంటే ఎవరో వేరే పిల్లలాగే అనిపిస్తుంది. మా అబ్బా నరసరావుపేటలో లారీ మెకానిక్, ఆయన కూతుర్ని నేను. నర్సు కోర్సు చదివి, బొల్లాపల్లి వైపు ఒక ఊరికి నర్సమ్మగా వెళ్ళాను. తెల్లకోటు ఇస్త్రీ నలుగుతుందని బస్సులో నిలబడే ప్రయాణం చేసేదాన్ని (సీట్లు ఖాళీగా ఉన్నా సరే). కరోనా సద్దుమణిగిన కొత్త అది. టీకొట్టు దగ్గర కూర్చున్న తాతల నోళ్ళలో కూడా క్వారంటైన్, ఐసోలేషన్ నలిగిపోయేవి. అందరూ రెండింటినీ ఒకటే చేసి మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండేది. రోగం వచ్చినవాళ్ళను విడిగా ఉంచితే ఐసోలేషన్. రోగి పక్కన మసలి, ఇంకా బాగానే ఉన్నవాళ్ళను కొన్నాళ్ళు ఆపి చూస్తే క్వారంటైన్. పరీక్షలో ఈ తేడా గీతలు గీసి మరీ రాసి, పూర్తి మార్కులు తెచ్చుకున్న మనిషిని నేను. ఈ ఊళ్ళో ఒక్కరిని కూడా తప్పు మాట్లాడనివ్వకూడదని చేరిన రోజే పంతం పట్టాను.

మిరపకాయ కోతలప్పుడు వెల్దుర్తి వైపు నుంచి కూలీల ముఠా ఒకటి దిగింది. వాళ్ళను నడిపించే ఆవిడను అందరూ మేస్త్రమ్మ అనేవాళ్ళు. సన్నటి మనిషి, గొంతు మాత్రం నాలుగు చేల అవతలికి వినపడేది. ఆవిడ కోడలికి ఏడో నెల. వచ్చిన వారానికే ముఠాలో ఇద్దరు పిల్లలకు ఆటలమ్మ పోసింది. కబురు అందగానే నా ఆనందం చూడాలి (సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆనందమే). ఇన్నాళ్ళకు నా చదువుకు పని పడింది! సంచి భుజానికి తగిలించుకుని కల్లం దగ్గరికి పరుగెత్తాను. రోగం ఊళ్ళోకి ఎలా అడుగు పెడుతుందో చూస్తానని దారి పొడుగునా నాలో నేనే అనుకున్నాను. రైతును బతిమాలి కల్లం పక్కనున్న గది ఖాళీ చేయించాను. పొక్కులు తేలిన పిల్లలిద్దరినీ లోపల పడుకోబెట్టి, ఒళ్ళు తుడిచి, జ్వరం చూసి గంటసేపు అక్కడే కూర్చున్నాను. తర్వాత వాళ్ళతో ఒకే పాకలో పడుకున్నవాళ్ళ పేర్లు రాసుకుని, అందరినీ అదే గదిలోకి నడవమన్నాను. ఐసోలేషన్ ఒకటి, క్వారంటైన్ ఒకటి అని నాకు నోటికి వచ్చు. కానీ దొరికిన గది ఒక్కటే కదా! ఊరు ఇటు, రోగం అటు, మధ్యలో నేను. తలుపు మీద ఐసోలేషన్, క్వారంటైన్ అని రెండు మాటలూ ఒకదాని కింద ఒకటి రాసిన కాగితం కూడా అంటించాను.

నా జాబితాలో చివరి పేరు మేస్త్రమ్మ కోడలిది. ఆ పిల్ల చాప చంకన పెట్టుకుని బయల్దేరింది కూడా. మేస్త్రమ్మ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"దీనికి పోసిందా నర్సమ్మా?"

"పొయ్యలేదు పెద్దమ్మా. పొయ్యొచ్చు, అందుకే లోపలికి పొమ్మంటున్నా."

"చిన్నప్పుడన్నా పోసిందో లేదో దానికే తెలవదు. కడుపుతో ఉన్నదాన్ని తీసకపోయి పోసినోళ్ళ మధ్యన పండుకోబెడతావా? చానా చదివినట్టున్నావే! ఇట్టా రా."

నా మణికట్టు పట్టుకుని కల్లంలోకి లాక్కుపోయింది. ఎండలో మిరపకాయలు కుప్పలుగా పోసి ఉన్నాయి. ఎర్రగా గలగలలాడేది ఒకటి. తెల్లబడి పాడైన తాలుకాయది ఒకటి. వాటికి దూరంగా పలచగా పరిచింది ఇంకొకటి.

"అదేందో తెలుసా? తేమ కాయ. నాలుగెండలు పడితే ఎర్రకాయన్నా అవుద్ది, తాలన్నా అవుద్ది. ఇప్పుడే తెలవదు. ఎర్రకాయలో కలిపితే దాన్ని చెడగొట్టుద్ది. తాలులో కలిపితే ఇదే చెడుద్ది. అందుకే మూడు కుప్పలు. మనుషుల కాడికి వచ్చేసరికి నువ్వు రెండే చేసినావేంది?"

నేను గీతలు గీసి రాసిన జవాబంతా అక్కడ ఎండలో ఆరబోసి ఉంది. అయినా ఊరుకుంటానా, మా ఆసుపత్రి డాక్టరమ్మకు ఫోన్ చేస్తానన్నాను. చేసి, తిట్లు తిన్నాను. కడుపుతో ఉన్న పిల్లను వెంటనే విడిగా ఉంచి రేపు ఆసుపత్రికి పంపమంది, మిగతావాళ్ళకు వేరే పాక చూడమంది. చెవులు కాలిపోతుండగా ఫోన్ సంచిలో పెట్టుకుంటుంటే మేస్త్రమ్మ అడిగింది: "మరి నీకో? నీకు పోసిందా?"

ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. అమ్మీకి ఫోన్ చేశాను. "మీ అన్నలిద్దరికీ వచ్చింది. నిన్ను నానమ్మ దగ్గరికి పంపేశాంగా, నీకు రాలా" అంది.

"అయితే నువ్వూ తేమకాయవే" అంది మేస్త్రమ్మ. డాక్టరమ్మ కూడా అదే తీర్పు చెప్పింది: ఇరవై ఒక్క రోజులు గర్భిణుల ఛాయలకు పోవద్దు, గది దాటొద్దు. నేను చాలా వాదించాను. నాకు ఓపిక ఉంది, మాస్కు ఉంది, చదువుంది అన్నాను. ఎవరూ వినలేదు. చివరికి నా అద్దె గదికి నేనే గొళ్ళెం పెట్టుకున్నాను. నియమం పెట్టినదాన్ని నేనే తప్పితే ఇంకెవరు పాటిస్తారు? ఏడుపొస్తున్నా సరే, ఇరవై ఒక్క రోజులూ కూర్చునే తీరాలనుకున్నాను. ఒంట్లో ఏమీ లేకుండా తలుపేసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఏ పుస్తకంలోనూ రాయలేదు. రోజూ అద్దంలో మొహం వెతుక్కోవడం, ఏమీ కనపడకపోతే అందరి మీదా కోపం తెచ్చుకోవడం.

పద్నాలుగు రోజులు ఇలాగే గడిచాయి. పదిహేనో రోజు పొద్దున మెడ మీద మొదటి పొక్కు తేలింది. మధ్యాహ్నానికి ఒళ్ళంతా పాకింది. అంతకు ముందురోజే ఊళ్ళో గర్భిణుల పరీక్షలు జరిగాయి. గదిలో లేకపోతే ఒక్కొక్కరి పొట్ట మీద చెయ్యి పెట్టి చూసేది నేనే. పొక్కు తేలడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇది ఎదుటివాళ్ళకు అంటుకోవడం మొదలవుతుందని కూడా నేను పరీక్షలో రాసినదే. ఆ సాయంత్రం దురదను మరిచిపోయి, ఆ గర్భిణుల పేర్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ముఠా గడువు తీరి వెళ్ళిపోయే రోజుకు నా పొక్కులింకా పూర్తిగా పక్కు కట్టలేదు. ట్రాక్టరు మా వీధిలో ఆగింది. మేస్త్రమ్మ ఇంటి దగ్గరికి రాకుండా రోడ్డు మీద నుంచే అరిచింది: "నర్సమ్మా, కోడలికి ఏమీ కాలా! రక్తపరీక్ష బాగుందంట. నువ్వు బయటికి రామాక, ఆడే ఉండు!" వెనక ట్రక్కులో కూర్చున్న ఆ పిల్ల ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, రెండో చెయ్యి నాకేసి ఊపింది. కిటికీ ఊచలు పట్టుకుని నేను గట్టిగా ఏడ్చాను.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు ఈ పాఠం నేనే చెబుతున్నాను. అన్నీ తెలుసనుకుని కల్లం దాకా పరుగెత్తిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త చిరాకు కూడా వేస్తుంది. కానీ మిరపకాయలు కోసుకునే ఆవిడ చెప్పింది నిజమని తెలిశాక, గొణుక్కుంటూనే అయినా వెళ్ళి తలుపేసుకుంది చూశారూ, అందుకు మాత్రం దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపిస్తుంది.