గంగామణికి వారం చదువు

1992లో నాకు బోధన్ శాఖా గ్రంథాలయానికి బదిలీ అయింది. రెండు గదుల పెంకుటిల్లు, ఐదు బీరువాలు, పత్రికలు చదివేవాళ్ల కోసం ఒక పొడవాటి బల్ల. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తెరిచి ఉండేది. శుక్రవారం సెలవు. సొంత ఊరు నిజామాబాదే అయినా, అమ్మ పోయాక అక్కడ నా కోసం తలుపు తీసే మనిషి లేదు. బోధన్‌లోనే ఒక గది తీసుకున్నాను. మధ్యాహ్నం గదికి వెళ్లి, ఫ్యాక్టరీ వైపు వరసగా పోయే చెరకు బండ్లను కిటికీలోంచి చూస్తూ అన్నం తినేదాన్ని. వాటి చప్పుడు తప్ప వేరే మాట వినపడని రోజులు చాలా ఉండేవి.

లైబ్రేరియన్ అంటే రోజంతా చదువుకుంటూ కూర్చుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి రోజులో ఎక్కువ భాగం ముద్రలు వేయడానికి, ఊడిన అట్టలు అతికించడానికి, రాతకోతలకే పోతుంది. కొత్త పుస్తకం రాగానే దానికి యాక్సెషన్ నంబర్ వేస్తాం, అంటే మా దగ్గర చేరిన వరసలో దానికి పడే అంకె. ఎవరు ఏ పుస్తకం ఏ తేదీన తీసుకున్నారో ఇష్యూ రిజిస్టర్‌లో రాస్తాం. ఆ రిజిస్టర్‌లో శనివారం శనివారం తప్పకుండా పడే పేరు ఒకటుండేది. గంగామణి.

ఆమెను నేను చూడలేదు. పుస్తకాలు తీసుకుపోవడానికి ఆమె భర్త పోశెట్టి వచ్చేవాడు. యాభై దాటిన మనిషి, చక్కెర ఫ్యాక్టరీలో కేన్ క్యారియర్ దగ్గర పని. చెరకును గానుగ దాకా మోసుకుపోయే పట్టీని కేన్ క్యారియర్ అంటారు. అతనికి చదువు రాదు. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకునేవాడు, బువ్వ గిన్నె పట్టుకున్నట్టు.

మొదటిసారి వచ్చినప్పుడు చెప్పాడు. "మా ఆమె బాయి మెట్ల మీద జారి పడ్డది మేడం. నడుము కింద సోయి లేదు. పండుకునే బీడీలు చేస్తది. ఏడో తరగతి దాక సదివింది. ఏదన్న మంచిది ఇయ్యుండ్రి."

రెండు నవలలు ఇచ్చాను. మరుసటి శనివారం వాటిలో ఒక చీటీ వచ్చింది. "అక్కా, రెండు పుస్తకాలు రెండు దినాలల్ల అయిపోయినయి. మిగిలిన ఐదు దినాలు ఒక్క తీరే ఉన్నయి. సోమవారమో బేస్తవారమో ఎరుకైతలేదు. ఏ దినం ఏం సదవాల్నో రాసియ్యి."

పాడైన కేటలాగ్ కార్డులు నా దగ్గర చాలా ఉండేవి. ఒక కార్డు వెనక ఏడు రోజుల పేర్లు రాశాను. సోమ, మంగళవారాలకు నవల. బుధవారం వారపత్రికలో సీరియల్. గురువారం రేడియో నాటకం, ఎన్ని గంటలకో కూడా. శుక్రవారం రెండు చిన్న కథలు. శనివారం ఏమీ రాయలేదు, ఆ రోజు కొత్త కార్డు వెళ్తుంది కదా. ఆదివారానికి, "నచ్చిన పేజీ మళ్లీ చదువు" అని రాశాను.

అలా మూడేళ్లు నడిచింది. నాకు అలవాటైపోయింది. వారమంతా ఏం చదువుతున్నా, రేడియోలో ఏం వింటున్నా, ఇది గంగామణి కార్డులో ఏ రోజుకు రాయాలా అని చూసుకునేదాన్ని. ఆమె చీటీలు మొహమాటం లేకుండా ఉండేవి. "ఈ రచయితకు ఆడోళ్లు ఏడుస్తే సంతోషమా?" అని ఒకసారి. "రేడియో నాటకం సగంల మరాఠీ టేషన్ భజన అడ్డం వచ్చింది. మిగతా కథ నువ్వే రాసి పంపు" అని ఇంకోసారి. నేను నిజంగానే రెండు పేజీలు రాసి పంపాను. బోధన్‌లో పుస్తకం గురించి నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే, అదీ చీటీల మీద.

రెండో ఏడు ఒక చీటీలో రాసింది. "ఒకపారి ఇంటికి రా అక్కా. నీ గొంతు ఎట్లుంటదో నాకు ఎరుక లేదు." ఇల్లు మా గ్రంథాలయానికి పావుగంట నడక. వస్తానని రాశాను. ఒక శుక్రవారం బట్టలు ఉతుక్కున్నాను. ఇంకో శుక్రవారం వాన. ఆ తరువాత ఆమె మళ్లీ అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు. చీటీల మీద ఇంత చక్కగా సాగుతున్న స్నేహం, ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంటుందోనని లోపల ఒక బెరుకు కూడా ఉండేది.

1995 దసరా తరువాత చీటీలు ఆగిపోయాయి. అడిగితే, "చేతులు వణుకుతున్నయట మేడం, రాయలేదు" అన్నాడు పోశెట్టి.

"పుస్తకం నచ్చిందా మరి?"

"మస్తు నచ్చిందట. ఆ ముసలవ్వ ఉన్న కాడ ఏడ్చిందట."

ఆ పుస్తకంలో ముసలవ్వ ఎవరూ లేరే అని ఒక్క క్షణం అనిపించింది. ఆమె వేరే కథ గురించి చెప్పి ఉంటుందిలే అనుకుని సరిపెట్టుకున్నాను.

డిసెంబర్‌లో ఒక శనివారం అతను తిరిగి ఇచ్చిన నవలను బీరువాలో పెట్టబోతూ పేజీలు తిప్పాను. అది కొత్త పుస్తకం, మొదట వెళ్లింది గంగామణికే. అచ్చు వేసిన పెద్ద కాగితాన్ని మడిచి, కుట్టి, అంచులు కోస్తే పేజీలు విడిపోతాయి. ఒక్కోసారి కోత సరిగా పడక కొన్ని పేజీలు పైన మడతగానే ఉండిపోతాయి. చదివేవాళ్లే బ్లేడుతో కోసుకోవాలి. ఈ నవలలో నడిమి పదహారు పేజీలు అలాగే ఉన్నాయి. వాటిని ఎవరూ విప్పలేదు.

పోశెట్టి ఇంకా బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు, కొత్త కార్డు కోసం.

"పోశెట్టన్నా, ఈ పుస్తకం గంగామణి చదవలేదు."

అతను పుస్తకం వైపు చూశాడు. నేను మడతలు చూపించాను. ఒక్కో మడతనూ వేలితో తడిమి చూశాడు.

"సదవలేదు మేడం" అన్నాడు చివరికి. "ఆమె లేదు. దసరా ఎల్లినంక జరమొచ్చింది. మూడు దినాలు. పోయింది."

దసరా వెళ్లి తొమ్మిది శనివారాలు. తొమ్మిది కార్డులు రాశాను. లేని మనిషికి సోమవారం ఏం చదవాలో, గురువారం ఎన్ని గంటలకు రేడియో పెట్టాలో రాసి పంపాను. నాకు ముందు కోపమే వచ్చింది, ఆ మాట దాచను.

"మరి ఇన్ని వారాలు నాకెందుకు చెప్పలేదు? నచ్చింది, ఏడ్చింది అని ఎందుకు చెప్పావు?"

"నువ్వు అడుగుతున్నవు గద మేడం, ఆమె ఏమన్నదని." కండువాతో మొఖం తుడుచుకున్నాడు. "ఇంక ఎవ్వలు అడుగుతలేరు. పదకొండో దినం అయినంక ఆమె పేరు ఎవ్వలు తీస్తలేరు. శనివారం ఒక్కనాడే, ఈడికొస్తే, ఆమె ఇంట్ల ఉన్నట్టే ఉంటది."

అతణ్ని బల్ల ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను.

మా రూలు ప్రకారం, సభ్యులు చనిపోతే పేరు కొట్టేసి సభ్యత్వ కార్డు రద్దు చేయాలి. ఆ మాట చెప్పాను. "కొట్టెయ్యకు మేడం" అన్నాడు. కొట్టేయక తప్పదన్నాను. సభ్యుల రిజిస్టర్‌లో ఆమె పేరు మీద ఎర్ర సిరాతో గీత గీశాను. కింద కొత్త వరసలో అతని పేరు రాసి వేలిముద్ర తీసుకున్నాను. అతను తన వేలిని, రిజిస్టర్‌ను మార్చి మార్చి చూశాడు.

"నాకు సదువు రాదు గద. నేనేం జేయాలె దీంతోని?"

"నీకేం కావాలో అడుగు."

ఎర్ర గీత వైపు వేలు చూపించాడు. "మొదటి సంది ఆమె ఏమేం సదివిందో నాకు చెప్తవా?"

తరువాతి శుక్రవారం వాళ్లింటికి వెళ్లాను. ఆమె మంచం గోడకు నిలబెట్టి ఉంది. బీడీలు చుట్టిన చేట, కత్తెర గూట్లో ఉన్నాయి. ఆమె తల పెట్టుకునేదని పోశెట్టి చూపించిన చోట నేల మీద కూర్చుని చూస్తే, కిటికీలోంచి ఫ్యాక్టరీ పొగగొట్టం కొస ఒక్కటే కనబడింది. మూడేళ్లు నేను రాసిన రోజులన్నీ ఆమె అక్కడ పడుకునే గడిపింది. పోశెట్టి చాయ్ పెట్టి ఇచ్చాడు. నా గొంతు వినాలని అడిగిన మనిషి ఇంట్లో, నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

ఆ వారం నుంచి, శనివారం పదకొండింటికి గ్రంథాలయం మూశాక, అతను తన షిఫ్టుకు వెళ్లేలోపు గంటసేపు చదివి వినిపించేదాన్ని. ఇష్యూ రిజిస్టర్ ముందు పెట్టుకుని, ఆమె పేరు మీద పడ్డ మొదటి పుస్తకంతో మొదలుపెట్టాను. ఒక పడవవాడి కథ. వరదలో తప్పిపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ పోతాడు. చివరికి ఖాళీ పడవ ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొస్తుంది.

నాలుగో శనివారం ఆ చివరి పేజీ చదివాను. పోశెట్టి తల అడ్డంగా ఊపాడు.

"గట్ల గాదు మేడం. తమ్ముడు దొరుకుతడు. ఇద్దరు కలిసి ఇంటికొస్తరు. వదినె జొన్నరొట్టెలు చేస్తది."

"అది ఎవరు చెప్పారు?"

"ఆమెనే చెప్పింది. నేను బువ్వ తింటుంటే చెప్తుండె."

పుస్తకంలో రొట్టెలు లేవు. వదిన కూడా లేదు. రెండో పుస్తకంలోనూ అదే జరిగింది. మేము చదివిన దాంట్లో ఊరొదిలి పోయిన పిల్ల, అతనికి తెలిసిన కథలో బస్సు దిగి వెనక్కి వచ్చింది. మూడో పుస్తకం అయ్యేసరికి అతనికే అర్థమైంది.

"ఆమె మార్చి చెప్పిందా మేడం?"

"మార్చి చెప్పింది."

"అన్ని కథలా?"

"ఇప్పటికి మూడు చూశాం. మూడూ."

అతను నవ్వాడు. నవ్వుతూనే కండువా మొఖానికి అడ్డం పెట్టుకున్నాడు. లేవలేని మనిషి, పని నుంచి వచ్చిన భర్త సరిగ్గా బువ్వ తినాలని, తను ఏడ్చుకుంటూ చదివిన కథలన్నిటికీ మంచి ముగింపులు అల్లింది. నాకు చీటీల్లో రాసిన కోపాలు, ఏడుపులు ఒక్కటీ అతనికి చెప్పలేదు.

"నన్ను కూడా మార్చి చదవమంటావా?" అని అడిగాను.

"వద్దు మేడం. పుస్తకంల ఎట్లుంటే గట్లనే సదువు. ఆమె చెప్పింది నా దగ్గర ఉండనే ఉన్నది."

రెండేళ్లు చదివాం. రిజిస్టర్‌లో ఆమె పేరున ఉన్నవాటిలో పదో వంతు కూడా పూర్తి కాకముందే నన్ను ధర్పల్లికి వేశారు. వెళ్లేముందు మిగిలిన పుస్తకాల జాబితా రాసి, నా చోటుకు వచ్చిన ఆయన చేతికిచ్చాను. ఆయన మర్యాదగా తీసుకుని సొరుగులో పెట్టుకున్నాడు. ఆ తరువాత పోశెట్టికి ఎవరైనా చదివి వినిపించారో లేదో నాకు తెలియదు. ఒకసారి బోధన్ వెళ్లినప్పుడు వాళ్లింటికి తాళం ఉంది. కోటగిరిలో ఉంటున్న అన్న కొడుకు పోశెట్టిని తీసుకుపోయాడని పక్కింటివాళ్లు చెప్పారు.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నో పుస్తకాలు ఇచ్చాను, తీసుకున్నాను. చదివేవాళ్లకు ఏం కావాలో నాకు బాగా తెలుసని అనుకునేదాన్ని. గంగామణి నన్ను అడిగింది రెండే. ఏ దినం ఏం చదవాలో రాయమంది, అది నేను బాగా చేశాను. ఒకసారి రమ్మంది.

అప్పటి నుంచి ఎక్కడ పనిచేసినా, ఎవరైనా ఇంకొకరి చేత పుస్తకాలు తెప్పించుకుంటున్నారంటే, మొదటి శుక్రవారమే చిరునామా కనుక్కుని వెళ్లేదాన్ని. ముప్కాల్‌లో ఒక పెద్దావిడ తలుపు సగం తీసి, "పుస్తకం రేపు పంపుత అన్న గద. ఇప్పుడెందుకొచ్చినవు?" అంది.

"ఊరికే వచ్చాను అవ్వా" అన్నాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, పీట ఇటు జరిపింది.