రాఘవులు గారి చివరి మూడు పేజీలు

ఒక్క వేషమైనా కట్టని మనిషికి, ఒక నాటకం చివరిదాకా ఆడాలని అంత పట్టుదల ఎందుకుంటుంది? రాఘవులు గారిని ఎరిగినప్పటినుంచీ ఆలోచిస్తున్నాను.

ఆయన 2002లో అమెరికాలోని షామ్‌బర్గ్‌లో పరిచయమయ్యారు. కళ్ళజోళ్ళు తయారుచేసే ల్యాబులో అద్దాలు అరగదీసే పని, అప్పటికే ఇరవై ఏళ్ళుగా అదే. యాభై దాటిన సన్నటి మనిషి. ఎదుటివాళ్ళు కాస్త వంగితే గాని మాట వినపడేది కాదు. నేను శనివారాలు లైబ్రరీలో తెలుగు పుస్తకాల అర దగ్గర కూర్చునేదాన్ని. ఆ ఊళ్ళో నాకు వేరే స్నేహాలు లేవు. నచ్చిన వాక్యాలు నోటుబుక్కులో ఎక్కించుకుంటుంటే ఆయన పక్కనుంచి చూశారు.

"మీ అక్షరం గుండ్రంగా ఉందమ్మా. ఒక నాటకం నాలుగు కాపీలు రాసిపెడతారా?" అన్నారు. నా పేరు కూడా ఆ తరవాతే అడిగారు.

అది విక్టోరియా రాణి కాలంనాటి ఇంగ్లీషు హాస్య ఏకాంకిక. ఆయన కాకినాడలో కాలేజీ చదువుతుండగా పాత పుస్తకాల బండి మీద దొరికిందట. అట్టా, మొదటి పేజీ రెండూ ఊడిపోయాయి గనక ఎవరు రాశారో తెలియదు. ఇంగ్లీషు మేష్టారు కృష్ణమూర్తి గారు దాన్ని తెలుగు చేస్తే, లండన్‌లోని కెప్టెన్ కాస్తా రిటైరైన తాసీల్దారయ్యాడు. ఆయన పత్రికలో రెండు ప్రకటనలిస్తాడు. ఒకటి వంటవాడు కావాలని, రెండోది కూతురికి వరుడు కావాలని. వాళ్ళు రావలసిన వేళలు అచ్చులో తారుమారై, ఒకరి వేళకి ఒకరొస్తారు. తాసీల్దారు పెళ్ళికొడుకుని పట్టుకుని రసంలో ఇంగువ ఎప్పుడు వేస్తావని అడుగుతాడు. వంటవాడిని ఎన్నెకరాల మాగాణి ఉందని నిలదీస్తాడు.

1973లో కాలేజీ వార్షికోత్సవంలో ఆడినప్పుడు రాఘవులు గారు తెర పక్కన నిలబడి మాటలు అందించారు. ఇంకా మూడు పేజీలున్నాయనగా కరెంటు పోయింది, జనం ఇళ్ళకి పోయారు.

"ఆ మూడు పేజీలూ తెలుగులో ఇంతవరకూ ఎవరూ వినలేదమ్మా," అన్నారు, నేను కాపీలు చేతికిచ్చినప్పుడు.

నవ్వొచ్చింది గాని, నవ్వలేదు. ఆ కాపీలు రాసిన నెలరోజులూ అమెరికాలో నాకు మొట్టమొదటి మంచి రోజులు. పొద్దున్నే లేవడానికి ఒక పని దొరికింది. ఆ పేరు తెలియని ఇంగ్లీషాయనకి, కృష్ణమూర్తి గారికి, పుస్తకాల బండివాడికి కూడా మనసులోనే దణ్ణం పెట్టుకునేదాన్ని.

షామ్‌బర్గ్‌లో 2003 దీపావళికి ఆడారు. రెండు పిల్లల డాన్సుల మధ్య పది నిమిషాల చోటు ఇచ్చారు. ఆడటానికి నలభై పడుతుంది. పన్నెండో నిమిషంలో మైకులో డిన్నర్ రెడీ అని చెప్పారు. హాలంతా లేచింది. తాసీల్దారు వేషం కట్టినాయన కూడా మీసం పీకి జేబులో పెట్టుకుని లైన్లో నిలబడ్డాడు.

కాపెల్‌లో 2008లో అక్కడి తెలుగువాళ్ళెవరో పిలిస్తే ఆయన సెలవు పెట్టి వెళ్ళారు. నేను చూడలేదు, ఆయన ఫోన్లో చెప్పిందే. నటులందరికీ కాలర్ మైకులు పెట్టారట. ఈయన అలవాటు ప్రకారం తెర పక్కనుంచి మాటలందిస్తుంటే, దగ్గరున్న నటుడి మైకు ఆ గుసగుసని పట్టి స్పీకర్లలో వదిలింది. ప్రతి మాటా ముందు ఈయన గొంతులో, తరవాత నటుల గొంతులో రెండేసిసార్లు వినపడుతుంటే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆయన నోరు మూసుకున్నారు. అందించేవాళ్ళు లేక నటులు ఆగిపోయారు. తెర వేసేశారు.

"నా గొంతు అంత పెద్దగా వినడం అదే మొదటిసారి పద్మజమ్మా," అని నవ్వారు.

మేము అల్ఫారెట్టాకి మారాక, 2013 ఉగాదికి ఇక్కడ ఆడిద్దామని నేనే పిలిచాను. పదిరోజులు మా ఇంట్లోనే ఉన్నారు. రిహార్సల్స్ మా గరాజ్‌లో. తాసీల్దారు శ్రీహర్ష, మాస్టర్స్ చదువుతున్న కుర్రాడు. వంటవాడూ పెళ్ళికొడుకూ అతని రూమ్మేట్లే. కూతురి వేషం ఇక్కడే పుట్టిన అనికది. తెలుగు చదవడం రాదు గనక తన మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది.

"అనికా, నువ్వు 'నాన్నా' అంటే బనానా అన్నట్టుంది," అనేవాడు శ్రీహర్ష.

"నీ మీసం స్లిప్ అవుతోంది తాసీల్దార్. ఫస్ట్ అది ఫిక్స్ చేసుకో," అనేది అనిక.

రాఘవులు గారు గరాజ్ మూల స్టూలు మీద కూర్చుని ముసిముసిగా నవ్వేవారు. ఆ పదిరోజులూ మా ఇల్లు కళకళలాడినట్టు నేనింకెప్పుడూ చూడలేదు.

స్కూల్లో జరిగే ఉగాది కార్యక్రమానికి రెండు రోజుల ముందు తెలుగు సంఘం సెక్రటరీ శ్యామ్‌సుందర్ వచ్చాడు.

"అంకుల్, మీ డ్రామాకి ఫిఫ్టీన్ మినిట్స్ మాక్స్. వన్‌కి లంచ్ ఓపెన్ చేస్తాం. త్రీకల్లా స్కూల్ వెకేట్ చేయాలి. లంచ్ అన్నాక ఎవ్వరూ కూర్చోరు. సాంబార్ వాసనొస్తే మా ప్రెసిడెంట్ గారే ఫస్ట్ లేస్తారు."

"లేవనియ్యి బాబూ. మేమూ అక్కడికే వస్తాం."

"ఎక్కడికి?"

"లైన్ దగ్గరికి."

శ్యామ్‌సుందర్ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. వడ్డించడానికి మనుషులు తక్కువగా ఉన్నారు, ఆ సాయం చేస్తే మీ ఇష్టం అని ఒప్పుకున్నాడు.

అలా ఆ నాటకం స్కూలు కెఫెటేరియాలో మొదలైంది. పళ్ళేలు పట్టుకుని జనం బారులు తీరి ఉంటే, వడ్డించే బల్లల ముందు తాసీల్దారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రాఘవులు గారు ఏప్రన్ కట్టుకుని, గ్లవ్స్ తొడుక్కుని, సాంబారు వడ్డిస్తూ మాటలందించారు. మైకులు లేవు. ఆయన శ్రీహర్షకి "రసంలో ఇంగువ ఎప్పుడు వేస్తావోయ్?" అని అందించగానే, ఎదురుగా పళ్ళెం పట్టుకున్నావిడ తననే అడిగారనుకుని, "నేను వెయ్యనండీ, మా వారికి పడదు," అంది.

శ్రీహర్ష కుర్చీలోంచే, "అయితే మీరు పనికిరారు. నెక్స్ట్ ఎవరు?" అన్నాడు.

లైనంతా నవ్వింది. ఆ తరవాత లైన్ కదలడం మానేసింది. వెనకున్నవాళ్ళు ఖాళీ పళ్ళేలతో ముందుకొచ్చి చుట్టూ నిలబడ్డారు. తినేవాళ్ళు కుర్చీలు తిప్పుకున్నారు. కాకినాడలో ఆగిన చోటు దాటింది. చేతిలో కాపీ ఉన్నా నేను చూడటం మానేశాను. మూడు పేజీలు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి.

చివరి మాట అనికది. వేళలు పత్రికవాళ్ళు మార్చలేదని అక్కడే తేలాలి. అనిక నోరు తెరిచి ఆగిపోయింది. మాట మరిచిపోయిందని నాకు తెలిసిపోయింది. రాఘవులు గారి వైపు చూసింది. ఆయనకి ఆ మాట నలభై ఏళ్ళుగా కంఠతా వచ్చు. గరిటె గాలిలో ఆగింది గాని పెదవులు కదల్లేదు. తల మాత్రం ఊపారు, చెప్పు అన్నట్టు.

"వంటవాడనుకుని అడిగితేనే పెళ్ళికొడుకు ఎలాంటివాడో తెలుస్తుంది నాన్నా," అంది అనిక, తన యాసలోనే, ఒక్కో మాటా కూడబలుక్కుని. "అందుకే టైమ్స్ నేనే మార్చి పంపాను."

కృష్ణమూర్తి గారు 'వేళలు' అని రాశారు. ఆ సంగతి నేను తప్ప ఎవరూ పట్టించుకోలేదు. నవ్వులు, చప్పట్లు. అవతలి బల్ల దగ్గర ఒక పెద్దావిడ, "మళ్ళీ చెప్పు తల్లీ, ఇక్కడికి వినపడలా," అంటే, అనిక కుర్చీ ఎక్కి మళ్ళీ చెప్పింది. మళ్ళీ చప్పట్లు.

శ్యామ్‌సుందర్ మైకు తెప్పించి, నాటకం ఆడించిన అంకుల్ ఎక్కడ, రమ్మనండి అన్నాడు. నేను బల్ల వైపు చూశాను. సాంబారు గిన్నె దగ్గర వేరే కుర్రాడున్నాడు. గరిటె తన చేతికిచ్చి ఒక్క నిమిషం చూడమన్నారట. ఏప్రన్ కుర్చీ వీపుకి వేసి ఉంది. ఆయన్ని ఐదింటి ఫ్లయిట్‌కి మూడింటికి మేమే దింపుదామనుకున్నాం. గోడవార పెట్టిన ఆయన సంచీ లేదు.

వరండాలోకి పరిగెత్తాను. తలుపు దగ్గర కూర్చున్న స్కూలు మనిషిని అడిగితే, ఆ పెద్దాయన ముందే చెప్పి టాక్సీ పిలిపించుకున్నాడు, ఇప్పుడే వెళ్ళాడు అంది. ఎప్పుడని అడిగాను. లోపల ఒకమ్మాయి కుర్చీ ఎక్కి ఏదో చెబుతుంటే, అప్పుడు, అంది.