కింది అర

పాల ఫ్యాక్టరీ అంటే పాలతో పని అనుకుంటారు గానీ, సగం పని కడగడమే. పొద్దున పాలు పారిన పైపులన్నీ మధ్యాహ్నానికల్లా కడగాలి. ముందు కాస్టిక్ సోడాతో, తర్వాత ఆసిడ్‌తో, ఆ తర్వాత నీళ్లతో. ఎక్కడ తేడా వచ్చినా పాలు విరుగుతాయి. పాలు విరిగాయంటే సూపర్‌వైజరు అందరి బుర్రా తింటాడు.

ఆ ఆసిడ్‌నీ కాస్టిక్‌నీ కాపలా కాసే మనిషిని అందరూ పెద్దక్క అంటారు. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా పెద్దక్కే అంటారు. మొదట్లో చిరాకుపడేది. ఇప్పుడు చిరాకుపడే ఓపిక కూడా లేదు.

బాయిలరు వెనక రెండు గదులు ఆమెవి. ఒకదాంట్లో ఆసిడ్, రెండోదాంట్లో కాస్టిక్, మధ్యలో గోడ. "రెండూ తోడికోడళ్లు. ఒకే ఇంట్లో ఉండొచ్చు గానీ ఒకే గదిలో పెట్టకూడదు," అనేది కొత్తగా వచ్చినవాళ్లతో. ఆసిడ్ గది కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. క్యాన్లన్నీ అన్నిటికన్నా కింది అరలో, ప్లాస్టిక్ తొట్లలో ఉంటాయి. కారినా తొట్టిలోనే కారాలి. పై అరల్లో గ్లౌజులు, కళ్లద్దాలు, బ్రష్షులు. అంత చోటు ఉంచుకుని క్యాన్లు నేలబారున పెట్టుకోవడమేమిటని ప్రతివాళ్లూ అడిగేవాళ్లే. ప్రమాదమైన వస్తువు ఏదైనా ఇంట్లో అటక మీద పెట్టి పెరిగినవాళ్లు మరి.

పెద్దక్క వాదించదు. జుట్టు పక్కకి తీసి చెవి కింద మచ్చ చూపిస్తుంది.

"చేరిన కొత్తలో పైనుంచి క్యాన్ దించుతుంటే పడింది. ఒక్క చుక్క. కన్ను పక్కనుంచి పోయింది."



ఆ రోజు నుంచీ కింది అర ఆమె పెట్టిన పద్ధతే. కానీ కింది అర అంటే కూర్చోవాలి, లేవాలి, మళ్లీ కూర్చోవాలి. ఇన్నేళ్లూ ఆమె మాట విన్న మోకాళ్లు ఈమధ్య మొరాయిస్తున్నాయి. కూర్చోవడం ఎలాగో అవుతోంది. లేవడానికే గుమ్మం పట్టుకుని, పళ్లు బిగించి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుని లేస్తోంది.

చూడకూడనివాడు సూపర్‌వైజరు. చెడ్డవాడేం కాదు, కాకపోతే మాట కట్టె విరిచినట్టు ఉంటుంది. బాయిలరు దగ్గర పనిచేసే ఆయనకి నడుము పట్టేసినప్పుడు, "ఇక్కడ వంగి లేచే మనిషి కావాలి. లేకపోతే ఇంటికే," అన్నాడు. ఆయన ఇంటికే పోయాడు. పెద్దక్క ఇంట్లో మొగుడు దర్జీ. సూదిలో దారం ఎక్కించే చూపు ఎప్పుడో పోయింది, మిషను మీద దుప్పటి కప్పేసి ఉంది. ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఈమె వంగి లేస్తోంది గనకే.

ఆమె బాధ తెలిసినవాళ్లు ఇద్దరే. క్యాన్లు మోసే పొడుగాయన, ట్యాంకులు కడిగే చిట్టి. చిట్టికి పెళ్లీడు పిల్లలున్నారు, అయినా పొట్టిగా ఉంటుందని చిట్టే.

ఒకరోజు చుట్టాలింట్లో పెళ్లని సెలవు పెట్టి పెద్దక్క డాక్టరు దగ్గరికి వెళ్లింది. కింద కూర్చోకండి, మెట్లు ఎక్కకండి, ఎక్కువసేపు నిలబడకండి అన్నాడాయన. "గాల్లో తేలమంటారా?" అని అడిగి, మందులు తీసుకుని వచ్చేసింది.

మర్నాడు ఆసిడ్ గది తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయింది. కింది అర ఖాళీగా ఉంది. క్యాన్లన్నీ తొట్లతో సహా పై అరలోకి ఎక్కి వరసగా కూర్చున్నాయి. పొడుగాయనా చిట్టీ వెనకే నిలబడి, ఘనకార్యం చేసినవాళ్లలా నవ్వుతున్నారు.

"నిన్న నువ్వు లేనప్పుడు ఎక్కించేశామక్కా," అంది చిట్టి. "ఇంక నువ్వు వంగక్కర్లేదు. సూపర్‌వైజరు ఎంతసేపు చూసినా ఏమీ కనిపెట్టలేడు."

వద్దనడానికే నోరు తెరిచింది పెద్దక్క. తన మోకాళ్ల గురించి ఇంత ఆలోచించినవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరున్నారని ఆ క్షణంలోనే తెలిసింది. కళ్లు చెమ్మగిల్లాయి. ఈ ఒక్కరోజుకి ఉండనీ, రేపు దింపిద్దాంలే అనుకుంది.

నిజం చెప్పాలంటే ఆ రోజు హాయిగా గడిచింది. ఒక్కసారి కూడా కూర్చోలేదు. చేతులు పైకెత్తి క్యాన్ దించడం, పోయడం, మళ్లీ పైకి పెట్టడం. చివరి క్యాన్ మూత బిగించేటప్పుడు మాత్రం మూత సరిగ్గా కూర్చుందో లేదో కింద నుంచి కనిపించలేదు. అదే కింది అరలో అయితే పైనుంచి వంగి చూసేది. సరిపోయిందిలే అనుకుంది. అలసిపోయిన మనిషి రోజుకి ఎన్నిసార్లు అనుకుంటుందో ఆ మాట.

తెల్లారి పెద్దక్క గ్లౌజులు తొడుక్కుంటూ ఉండగానే చిట్టి లోపలికి దూరింది.

"నువ్వుండక్కా, నేను దించుతా."

పాల డబ్బాలు పెట్టే పెట్టె బోర్లించి దాని మీదకెక్కింది. అయినా అందలేదు. మునివేళ్ల మీద లేచి, క్యాన్ అంచు పట్టుకుని తన మొహం వైపు లాగింది. క్యాన్ ఒరిగింది. మూత పక్కనుంచి సన్నటి తడి గీత కిందికి జారడం పెద్దక్క చూసింది.

"వదిలెయ్యవే! దిగు!"

ఆమె అంత గట్టిగా అరవడం అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. అదిరిపడ్డ చిట్టి క్యాన్ వదిలేసి వెనక్కి దూకింది. క్యాన్ మళ్లీ తొట్టిలో నిలబడింది. పెద్దక్క ఆమె రెక్క పట్టుకుని కుళాయి కిందికి లాక్కెళ్లి, చెయ్యీ మెడా మొహం తడిసి ముద్దయ్యేదాకా నీళ్లు వదిలింది. చర్మానికి ఏమీ కాలేదు. చీర మీద వేసుకున్న చొక్కా చేతికి మాత్రం బఠాణీ గింజంత చిల్లు పడింది.

"పాత చొక్కాలే అక్కా," అని నవ్వబోయింది చిట్టి.

పెద్దక్క నవ్వలేదు. ఆ చిల్లు వంకే చూసింది. అది భుజం దగ్గరుంది. భుజానికీ కంటికీ ఎంత దూరం? మూత వదులుగా పెట్టింది తను. క్యాన్లు పైనే ఉంచింది తను. ఒంటికి సుఖమనిపించి ఒక్కరోజు నోరు మూసుకుంది, అంతే.

గదిలోకి వెళ్లి కళ్లద్దాలు పెట్టుకుంది. ఆ క్యాన్ మూత సరిచేసి, తడి కడిగి తుడిచింది. తర్వాత ఒక్కో క్యాన్ దించి కింది అరలో పెట్టడం మొదలుపెట్టింది. దించడం, కూర్చోవడం, తొట్టిలో నిలబెట్టడం, గుమ్మం పట్టుకుని లేవడం. పొడుగాయన్ని పిలుచుకొస్తానంది చిట్టి.

"వద్దు. నేనున్నాగా," అంది పెద్దక్క.

ఆఖరి క్యాన్ దగ్గర ఉండగా అరుపు విన్న సూపర్‌వైజరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె చూసింది. కాసేపు ఆగితే వెళ్లిపోతాడేమో. కానీ ఆ క్యాన్ పైనే ఉంది. దాన్ని దించి, కూర్చుని, తొట్టిలో పెట్టింది. లేవబోయింది. గుమ్మంలో అతనున్నాడు, పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. ఇంకోసారి ప్రయత్నించి అక్కడే చతికిలబడింది.

అతను గబగబా వచ్చి చెయ్యి అందించాడు.

"ముట్టుకోకండి సార్. గ్లౌజులకి ఆసిడ్ ఉంది."

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆమె నేల మీద కూర్చునే తీరిగ్గా గ్లౌజులు లోపలి వైపు బయటికి వచ్చేలా తీసి తొట్టిలో వేసింది. అప్పటికి అతనికంతా అర్థమైంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"చాన్నాళ్లయింది సార్. మీరు ఇంటికి పంపేస్తారని చెప్పలేదు." "పంపినా పంపండి. ఇవి మాత్రం మళ్లీ పైకి ఎక్కించకండి."

అతను ఆఫీసుకి వెళ్లి మాట్లాడొస్తానని మెల్లగా అని వెళ్లిపోయాడు. అక్కడ ఏం మాట్లాడతారో ఆమెకి తెలుసు.

చిట్టి చంక కింద చెయ్యి వేసి లేపి, బోర్లించిన పెట్టె మీద కూర్చోబెట్టింది. గోడకి ఆనుకుని పెద్దక్క ఊపిరి తీసుకుంది. గది తాళం చెవి కొంగున ఉంది. ముడి విప్పి చిట్టి చేతిలో పెట్టింది.

"గ్లౌజులూ కళ్లద్దాలూ పెట్టుకుని కూర్చో. మూతలన్నీ ఒకసారి చూడు. నాకు చెయ్యి తిమ్మిరెక్కింది."

చిట్టి కింది అర ముందు గొంతుక్కూర్చుంది. ఆ ఎత్తు ఆమెకి సరిగ్గా సరిపోయింది. మొదటి క్యాన్ మూత మీద చెయ్యి వేసి, తల తిప్పకుండానే అడిగింది.

"రేపు నువ్వు రావా అక్కా?"

"ముందు మూత బిగించవే," అంది పెద్దక్క.