మాట పోయాక మా సార్ నేర్పిన ఆట

మా సార్ పోయారు. పోయిన వారం పొద్దున, బడిలో ప్రార్థన అయిపోయి పిల్లల్ని గ్రౌండులోకి దించుతుంటే అక్క ఫోన్ చేసింది. అక్క అంటే సార్ భార్య. కాలేజీ రోజుల నుంచీ ఆమె మాకందరికీ అక్కే. "మీ సారు ఎళ్ళిపోయినారు పాపా," అంది.

నేను పలమనేరు దగ్గర ఒక బడిలో ఆటల టీచర్ని. నా కేక మూడు వీధుల అవతలికి వినపడుతుందని ఊళ్ళో పేరు. ఆ పొద్దు పిల్లలు వచ్చి బంతి అడిగితే ఆటల గది తాళం వాళ్ళ చేతిలో పెట్టేశాను. తిరుపతి బస్సెక్కి దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. పక్క సీట్లో ఉన్న పెద్దామె, "ఎవురమ్మా పోయినారు? మీ నాయనా?" అని అడిగింది. కాదనడానికి నాకు మనసు ఒప్పలేదు. తలూపాను.

ఆయన తిరుపతిలో మా కాలేజీకి ఆటల సార్. కుర్రతనంలో చెడుగుడు ఆడి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. మాకు మాత్రం ఫ్లాగ్ ఫుట్‌బాల్ నేర్పారు. అమెరికావాళ్ళు ఆడే ఫుట్‌బాల్‌కి ఇది చెల్లెలు వరస. ఇందులో కుమ్ముకోవడం, పడదోసుకోవడం ఉండదు. జట్టుకి ఐదుగురు. అందరి నడుములకీ రెండు రిబ్బన్లు వేలాడుతుంటాయి. బంతి ఎవరి చేతిలో ఉందో వాళ్ళ రిబ్బన్ లాగేస్తే ఆట అక్కడికక్కడ ఆగుతుంది. ఒకమ్మాయి వెనక నిలబడి బంతి విసురుతుంది, తక్కినవాళ్ళు పరుగెత్తి అందుకుంటారు, బంతితో అవతలి జట్టు గీత దాటితే పాయింట్లు. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లా విసరడం నేర్చుకోవాలని ఉబలాటపడేది. మా సార్‌కి మాత్రం విసిరేవాళ్ళని కట్టెయ్యడం మీదే ప్రాణం.

ఆ ఆట ఆయనకి ఎవరూ ఎదురుగా నిలబడి నేర్పలేదు. ఏదో శిక్షణ శిబిరంలో నాలుగు ముక్కలు విన్నారు, మిగతాదంతా సెల్‌ఫోన్లో చూసి పట్టుకున్నారు. చూసే పద్ధతి కూడా వింతగా ఉండేది. బంతి విసిరే మనిషి మీద బొటనవేలు అడ్డం పెట్టి, చుట్టూ ఉన్నవాళ్ళని చూసేవారు. "ఏంది సార్, అసలు మనిషినే మూసేస్తిరే!" అని నవ్వేదాన్ని. "ఆ మనిషిని సూస్తా కూసుంటే మిగతా కత నాకెవురు చెప్తారు పాపా?" అనేవారు.

మొదట్లో మా జట్టంతా చెడుగుడు పిల్లలే. ఆ పుణ్యమా అని ఒక తమాషా జరిగింది. మొదటి పోటీలో అవతలి అమ్మాయి బంతి పట్టుకుని దూసుకొస్తుంటే మేం ఏం చేశామంటే, అలవాటు చొప్పున చేతులు చేతులు పట్టుకుని గొలుసు కట్టి నిలబడ్డాం! అంతటితో ఆగామా, ఇంకో మహాతల్లి వంగి ఆ అమ్మాయి కాలి మడమ పట్టుకుంది. రెఫరీ విజిల్ మీద విజిల్. అవతలివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. మేం తలెత్తలేక చచ్చాం. సార్ ఒక్క మాట కూడా తిట్టలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి, "చేతులు ఇడిసిపెట్టండి. గొలుసు మాత్రం ఇడిసిపెట్టొద్దండి," అన్నారు. పక్కనున్న పిల్ల ఎంత దూరంలో ఉందో చూడకుండానే తెలియాలి, ఇద్దరి మధ్య బంతి దిగేంత ఖాళీ పడకూడదు. దాన్ని మా ఒంటికి ఎక్కించడానికి ఆయనకి ఏడాది పట్టింది.

పాఠం చెప్పడానికి ఆయనకి పలకా బలపం అక్కర్లేదు. జేబులో ఎప్పుడూ ఉడకబెట్టిన చెనక్కాయలుండేవి. సిమెంటు బెంచీ మీద ఐదు కాయలు ఇటు, ఐదు కాయలు అటు పేర్చి ఎవరెక్కడ నిలబడాలో చూపించేవారు. తప్పు చోట నిలబడిన కాయని వలిచి నోట్లో వేసుకునేవారు. "ఇది నువ్వే. మళ్ళీ ఆడ నిలబడితే ఇట్నే తినేస్తా." మా జట్టులో ఒక పిల్లని ఆయన ఆ లెక్కన కిలో పైనే తినుంటారు.

నన్ను అందరికంటే వెనక నిలబెట్టారు. అక్కడి నుంచి ఆటంతా కనపడుతుంది, ఏం చెయ్యాలో అరిచి చెప్పాల్సింది వెనకున్న పిల్లే. అప్పటిదాకా నా గొంతుతో నాకు అన్నీ తంటాలే. ఇంట్లో మా అమ్మ, "ఆడపిల్లకి ఆ గొంతేంది మే, బజారంతా ఇంటా ఉండాది!" అని రోజూ మొత్తుకునేది. నేను కూడా అణుచుకుని అణుచుకుని మాట్లాడ్డం మొదలుపెట్టాను. నేను జట్టులో చేరిన వారానికే సార్ పట్టేశారు. "ఏం పాపా, గొంతు యాడన్నా తాకట్టు పెట్టినావా? ఈడ దాంతోనే పని. గట్టిగా అరువు," అన్నారు. నా గొంతుని ఒక మనిషి అడిగి మరీ బయటికి తీయించడం అదే మొదలు.

మా ఎత్తులకి పేర్లు కూడా ఆయనవే. ముందుకొచ్చి ఎవరి మనిషిని వాళ్ళు అంటిపెట్టుకుంటే 'అలిపిరి'. వెనక్కి జరిగి ఎవరి చోటు వాళ్ళు కాస్తే 'కొండ'. ఆయనకి ఇష్టమైన ఎత్తు మూడోది. బంతి కదిలేదాకా అలిపిరిలో ఉన్నట్టు నటించి, కదలగానే నలుగురం గబగబా కొండెక్కెయ్యాలి, ఐదో పిల్ల విసిరే అమ్మాయి మీదికి పరుగెత్తాలి. విసిరే అమ్మాయి ఒకటి అనుకుని తల ఎత్తుతుంది, అక్కడ ఇంకోటి కనపడుతుంది. "మొదటి సూపులో ఆ పాపకి ఎవురూ ఖాళీగా కనపడకూడదు. రెండో సూపుకి టైం తినాల. ఆ టైంలో మన పిల్ల పోయి రిబ్బన్ పెరకాల," అని చెప్పేవారు. పొట్టి బంతులు పోతే పోనిమ్మనేవారు. "సిన్నది ఇచ్చేద్దాం. పట్టుకున్న సోటే రిబ్బన్ లాగెయ్యండి. పెద్దది మాత్రం ఇయ్యొద్దు." పరుగెత్తే అమ్మాయి కళ్ళని నమ్మొద్దు, భుజాలని నమ్మొద్దు, నడుమునే చూడమనేవారు. మనిషి ఎటు పోయినా నడుము లేకుండా పోలేదు కదా.

మేం చివరి ఏడాదికి వచ్చేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది. పొడి దగ్గు అనుకున్నాం. గొంతులో కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. తిరిగి వచ్చిన రోజు మెడకి తెల్లగుడ్డ కట్టుకుని గ్రౌండుకి వచ్చారు. విజిల్ ఊదబోయారు. ఇక ఆయన ఊపిరి నోటిలోంచి రాదు, మెడ దగ్గరి రంధ్రంలోంచే. ఆ సంగతి ఆయన ఒక్క క్షణం మర్చిపోయారు. విజిల్ పెదవుల మధ్య అట్లాగే ఉంది, చప్పుడు లేదు. మేమందరం వేరే వైపు చూశాం.

మర్నాటి నుంచి సైగలు మొదలుపెట్టారు. రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుంటే అలిపిరి. చెయ్యి పైకెత్తి చూపిస్తే కొండ. రెండూ వెంట వెంటనే చేస్తే మూడో ఎత్తు. వెనక నుంచి నేను ఆయన చెయ్యి చూడాలి, చూసి అరవాలి. తన మెడ చూపించి, తర్వాత నా మెడ చూపించారు. ఇక నీ గొంతే నా గొంతు అని.

కాలేజీవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. అయినా వాళ్ళకీ సందేహం వచ్చింది. మాట రాని మనిషి ఐదుగురు పిల్లల్ని ఎలా ఆడిస్తాడు? కొత్త మనిషిని పెట్టుకుందామనుకున్నారు. "ఈ టోర్నమెంట్‌లో జట్టు ఎట్లాడుతుందో సూసి చెప్తాం," అన్నారు అక్కతో. సార్‌కి పిల్లల్లేరు. ఇంట్లో కూర్చోబెడితే ఈయన ఎన్నాళ్ళో బతకరని అక్క మా ముందు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మాకు వేరే కప్పులూ కిరీటాలూ ఏమీ అక్కర్లేదనిపించింది. సార్ గ్రౌండులో ఉండాలి, అంతే.

ఆఖరి పోటీ మద్రాసు జట్టుతో. వాళ్ళకొక పొడుగమ్మాయి ఉండేది. అది బంతి విసిరితే కొలిచి పెట్టినట్టు పోయి చేతుల్లో పడేది. వాళ్ళు అంతకుముందు రెండేళ్ళూ మమ్మల్ని ఉతికి ఆరేశారు. ఆ రోజు మాత్రం దాని ఆట సాగనివ్వలేదు. సార్ గీత బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు, పక్కన అక్క. ఆయన చెయ్యి కదలడం, నేను గొంతు చించుకోవడం. చిన్న బంతులు ఇచ్చాం, ఇచ్చిన చోటే రిబ్బన్లు లాగేశాం. నేను "కొండ!" అని కేకేసినప్పుడల్లా మెట్ల మీద కూర్చున్న ముసలాయన ఒకాయన చేతులు జోడించి "గోవిందా!" అనేవాడు. నవ్వు ఆపుకోలేక చచ్చాం.

చివరికి మేం ఒక్క పాయింటు ముందున్నాం. ఇంక ఒక్క బంతికే టైం మిగిలింది. బంతి మా గీతకి దగ్గర్లో, వాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళు గీత దాటితే గెలుపు వాళ్ళది, మా సార్ ఇంటికి. నేను కుర్చీ వైపు చూశాను. సార్ నన్ను చూశారు. ఎత్తబోయిన చెయ్యి దించి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు. "ఏంది సార్!" అని గట్టిగానే అరిచాను. ఆయన కదల్లేదు.

సరే, నా గొంతు, నా ఏడుపు. పొడుగమ్మాయిని చూశాను. పొద్దుట్నుంచీ మేం ముందు నిలబడి వెనక్కి పోవడం దానికి అలవాటైపోయింది. ఈసారీ వెనక్కి పోతామనే చూస్తుంది, మేం వదిలిన చోట బంతి వేస్తుంది. వెనక్కి పోకపోతే? పోకపోతే, ఒక్క పిల్ల మమ్మల్ని దాటినా వెనక దిక్కులేదు. "అలిపిరి!" అని అరిచాను. "ఆడనే! ఎవురూ ఎక్కొద్దండి, ఆడనే!"

బంతి కదిలింది. పొడుగమ్మాయి తల ఎత్తింది, చెయ్యి ఎత్తింది, ఆగింది. నలుగురమూ నలుగురికి అతుక్కుని ఉన్నాం. అది రెండో వైపు చూసింది. ఆ చూపు తిరిగేలోపల మా ఐదో పిల్ల పోయి దాని రిబ్బన్ పెరికి గాల్లో ఊపింది. బంతి దాని చేతిలోనే ఉండిపోయింది.

కాలేజీవాళ్ళు కొత్త మనిషి ఊసు మళ్ళీ ఎత్తలేదు. సార్ ఆ తర్వాత ఇంకా రెండేళ్ళు, మంచం పట్టేదాకా, అదే గ్రౌండులో సైగలతోనే పిల్లల్ని ఆడించారు. పోయిన వారం ఆయన్ని ఇంటి ముందు పడుకోబెట్టినప్పుడు ఆ పిల్లలందరూ వచ్చారు. నాకు దుఃఖం ఇంకా తీరలేదు, తీరుతుందని కూడా అనుకోను.

కళ్ళు మూసుకుంటే నాకు ఆ సాయంత్రమే కనపడుతోంది. రిబ్బన్ చూసి అందరం కుర్చీ వైపు పరుగెత్తాం. "సార్, సూస్తిరా? ఎట్ల పెరికిందో సూస్తిరా?" అని అడిగాను. అక్క కళ్ళు తుడుచుకుంటూ, "యాడ సూసినారమ్మా? నువ్వు కేకేసినప్పటి నుంచీ కండ్లు మూసుకోనుండారు. నీ గొంతు ఇంటా ఉండారు," అంది. మేం చుట్టూ మూగి గోల చేస్తున్నా సార్ కళ్ళు తెరవలేదు. తల కొంచెం గ్రౌండు వైపు వంచి, ఒళ్ళో చేతులు అలాగే పెట్టుకుని, ఇంకా వింటూనే ఉన్నారు.