డాక్టర్ ఆంటీ ఇవ్వాల్సిన ఒక రోజు

మే 5, మంగళవారం. రెండు లోడ్ల బట్టలు, ఇడ్లీ పిండి, పాంట్రీలో పై అర సర్దడం. అర సగంలో ఉండగా ఫోన్ మోగింది. “ఆంటీ, అమ్మ పోయింది. నిద్రలోనే,” అంది డాక్టర్ ఆంటీ కూతురు. నేనూ డాక్టర్ ఆంటీ కలిసి వెళ్లాల్సిన పెరూ ప్రయాణానికి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

ఆవిడ అమెరికాలో మేముండే ఊరు కమ్మింగ్‌లో మా పక్కింటివారు. పిల్లల డాక్టరుగా రిటైరయ్యారు. మూడేళ్ల కిందట నన్ను తొలిసారి పెరూ తీసుకెళ్లింది ఆవిడే. పది రోజులకు ఏడు ఊళ్లు, గంటల వారీగా ఎక్సెల్‌లో వేసిచ్చాను. చూసి ఒకటే నవ్వు.

“అమ్మాయ్, చూడ్డానికి వెళ్తున్నావా, టిక్కులు పెట్టడానికా? ఒక్క ఊరు ఉంచి మిగతావి డిలీట్ చెయ్యి.”

ఉంచిన ఊరు కొండల్లో, ఊపిరి అందనంత ఎత్తున ఉంది. బట్టలు నేసే ఒక క్వెచువా తెగ ఆవిడ ఇంట్లో దిగాం. ఆంటీకి ఆసుపత్రిలో తల్లులతో మాట్లాడి అబ్బిన స్పానిష్ ఉంది, నాకు అంకెలు మాత్రం వచ్చు. కమ్మింగ్‌లో ఎవరు పరిచయమైనా మావారేం చేస్తారని అడుగుతారు. అక్కడ ఇంటావిడ నా చేతులు చూసి, ఈమెకేం పని వచ్చునని అడిగింది. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. ఆంటీ మోచేత్తో పొడిచారు. “పూలు కడతావుగా, చూపించవే!”

ఉన్నిదారంతో గడ్డిపూలు కట్టాను. ఇంటావిడ నా వేళ్లనే చూస్తూ రెండోసారి కట్టించుకుంది. తర్వాత నడుముకు కట్టుకుని నేసే తన చిన్న మగ్గం తెచ్చి నాకు బిగించేసింది! నాలుగు రోజుల్లో పట్టీ నేశాను. టేపు పెట్టి కొలిస్తే పదమూడు సెంటీమీటర్లు. “కొలవకుండా ఉండలేవు కదా,” అని వెక్కిరించిన ఆంటీయే దానికి ఫొటో తీసి కూతురికి పంపారు. నాకూ ఒక పని వచ్చునని నలభై ఎనిమిదో ఏట తెలిసిందంటే మీరు నవ్వుతారేమో. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఇంటావిడ పొలంలో బంగాళాదుంపలు తవ్వే రోజు ఆంటీకి ఆ ఎత్తు పడలేదు, తల తిరిగి పడుకున్నారు. నాకు మాత్రలిచ్చి తను వేసుకోవడం మరిచారు. ఇంటావిడ పొలం మానుకుని రోజంతా పక్కనే కూర్చుని ఆకుల కషాయం తాగించింది. నేను డబ్బు తీయబోతే తల అడ్డంగా ఊపింది. అక్కడ పనికి పనే ఇవ్వాలి, రోజుకు రోజు. దాన్ని ఐనీ అంటారు. మళ్లీ వచ్చి ఒక రోజు దుంపలు తవ్వుతానని ఆంటీ పడుకునే మాటిచ్చారు. ఆ పై ఏడాది ఆంటీకి ఒక మోకాలి ఆపరేషన్, తర్వాతి ఏడాది రెండోది. “నాకక్కడ ఒక రోజు ఉందే,” అనేవారు, పండక్కి దాచుకున్న చీర గురించి చెప్పినట్టు.

“ఒక్కదానివే ఎలా వెళ్తావ్? టికెట్ క్యాన్సిల్ చేసెయ్, క్రెడిట్ ఇస్తారు,” అన్నారు మావారు, ఆంటీ పోయాక.

“ఆవిడ మాటకి ఎవరిస్తారండీ క్రెడిట్?”

ఆయన ఫోన్‌లో క్యాలెండర్ చూసుకుని, “ఎయిర్‌పోర్ట్‌లో నేను డ్రాప్ చేస్తాలే,” అన్నారు.

వెళ్లాను. లిమాలో గేటు మారితే నేనే అడిగి కనుక్కున్నాను! కొండ మీద ఇంటావిడ నా వెనక ఇంకెవరైనా వస్తున్నారా అని చూసింది. స్పానిష్‌లో రాసుకెళ్లిన రెండు వాక్యాలు చదివాను. ఆమె శాలువా అంచుతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. రెండు చిన్న పారలతో వచ్చి ఒకటి నాకిచ్చింది.

పొద్దు వాలేదాకా తవ్వాం. ఊదావి, పసుపువి, నల్లవి. ఏ మొదలు కింద ఏ రంగు ఉందో తవ్వితే గానీ తెలియదు. నేను కేక పెట్టినప్పుడల్లా ఆమె పకపకా నవ్వింది. మధ్యాహ్నం మట్టిగడ్డలతో పొయ్యి కట్టి, దుంపలు అక్కడే కాల్చుకు తిన్నాం. ఎనిమిదో గోనె మూతి కుట్టాక ఆమె మొక్కజొన్న కల్లు ముంతలో పోసింది. “దొక్తోరా!” అని ఆంటీని పిలిచి, మొదటి గుక్క నేల మీద వంచింది. ఎండిన మట్టి దాన్ని చప్పున పీల్చుకుంది.

డాక్టర్ ఆంటీ ఇవ్వాల్సిన ఒక రోజు పని: తీరింది.