ఇంటర్వ్యూ గదిలో ఆ క్షణం

పంతొమ్మిది వందల అరవైల్లో పీయూసీ పాసై, మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ కోసం బెల్లంపల్లి నుంచి హైదరాబాద్ వెళ్లాను. బొగ్గుబావిలో పనిచేసే మా బాపు తోడు వచ్చి, బయట వరండాలో కూర్చున్నాడు.

లోపల ముగ్గురు డాక్టర్లున్నారు. వారిలో నడుమ ఉన్నాయన తలెత్తకుండానే, "పెళ్లి కాగానే మానేస్తావు. మగపిల్లాడి సీటు ఎందుకు పాడుచేయడం?" అన్నాడు.

ఏం చెప్పినా ఇంటికి పంపేస్తారనిపించింది.

"నోరు లేదా?" అని గద్దించాడు.

కొంగు గట్టిగా పట్టుకున్నాను. "సార్, మగపిల్లలను గూడ పెండ్లి గురించి అడిగిండ్రా?"

ఆయన కలం కింద పెట్టి నావైపే చూశాడు. నా చదువు అక్కడితో ముగిసిందనుకున్నాను.

ఆయన పక్కనున్న పెద్ద డాక్టరమ్మ, "భయపడకు బిడ్డా. గా మాటకు నువ్వు జవాబు చెప్పే పనిలేదు. గుండె ఎట్ల పనిచేస్తదో చెప్పు" అన్నారు. నా గుండె చప్పుడు వింటూనే చెప్పాను.

బయటికి రాగానే, "ఏమడిగిండ్రు బిడ్డా?" అన్నాడు బాపు. ఏడ్చేశాను.

సీటు వచ్చింది. డాక్టరునయ్యాక ఎన్నో ప్రాణాపాయాలు చూశాను. కానీ ఆ డాక్టర్ కలం కింద పెట్టిన ఆ క్షణమంత భయం మళ్లీ ఎన్నడూ ఎరుగను.